బేరమాడని శ్రీలంక పెద్దాయన

శనివారం రాత్రి, శ్రీకాళహస్తి

ఎవరితోనూ మాట్లాడని నేను ఇవాళ నోరు తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది.

శ్రీలంక నుంచి గుడికొచ్చిన తమిళ పెద్దాయన మా అంగట్లో కలంకారీ బట్ట ధర తమిళంలో అడిగాడు. ఎట్లాగూ బేరమాడతారని నాయన ఎప్పటిలాగే రెట్టింపు చెప్పాడు. ఆయన ఆలోచిస్తుంటే, తెలుగు రాదనుకుని అనేశాను.

"వాళ్ల దేశమే దివాలా తీసిండాదంట. ఈయన యాడ కొంటాడు నాయనా?"

పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏటా వస్తాను తంబీ, తెలుగు తెలుసు. అప్పు మీ దేశానికీ ఉంది, మాకన్నా పెద్దదే. మీరు ఎక్కువగా మీ జనం దగ్గరే రూపాయల్లో తీసుకున్నారు. మేం బయటివాళ్ల దగ్గర డాలర్లలో చాలా తీసుకున్నాం. ఆ డాలర్లు అయిపోయాక మా ఇంటామెకు మందులు కూడా దొరకలేదు."

తర్వాత బేరమే ఆడలేదు. చెప్పినంతా ఇచ్చి బట్ట తీసుకున్నాడు. నేనన్న మాటకే అట్లా ఇచ్చాడు. సగం వెనక్కి ఇచ్చేద్దామని నాయనతో చెప్పాలనుకున్నాను కానీ చెప్పలేదు. ఆయన్ను క్షమించమని కూడా అడగలేదు.

అన్నం తినేటప్పుడు నాయన నా భుజం తట్టాడు.

"ఇన్నాళ్లకు మాట్లాడేది నేర్చినావు రా అబ్బోడా! రేపు కూడా అంగట్లో నువ్వే కూసో."

నాయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.