పొద్దున్నే రెండు నిమిషాల చప్పుడు

తమ్ముడూ, నేను షెడ్డుకి వెళ్తున్నాను. నాన్న కారు తాళం ఫ్రిజ్ మీద పెట్టాను. ఇవాళ బండి స్టార్ట్ అయింది గానీ ఒకటే వణుకు, కాసేపటికి ఆగిపోయింది. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి, ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు విన్నాను. నాలుగూ టిక్కుటిక్కుమంటున్నాయి కాబట్టి వైర్లు బాగానే ఉన్నాయి. మూడోదాని మూతి జిగటతో పూడుకుపోయినట్టుంది.

మెట్ల కింద ఇంజెక్టర్ క్లీనర్ సీసా ఉంది. అంతా ట్యాంకులో పోసి, బంకులో సగం దాకా కొత్త పెట్రోలు కొట్టించు. తర్వాత గంటసేపు పెద్ద రోడ్డు మీద ఆపకుండా నడుపు. అయినా వణికితే షెడ్డుకి తీసుకురా. పైపులు మాత్రం విప్పకు, పెట్రోలు మొహాన చిమ్ముతుంది.

వారానికోసారి బండి బయటికి తియ్యమని నీకు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

అమ్మని ఏమీ అనకు. నాన్న పోయి ఏడు నెలలైనా, ఆయన డ్యూటీకి బయల్దేరే వేళకి రోజూ వెళ్లి బండి స్టార్ట్ చేస్తోంది. రెండు నిమిషాలు విని ఆపేస్తోంది. ఇంజన్ వేడెక్కకుండా అలా ఆపేస్తుంటే ఇంజెక్టర్లు పూడుకుపోక ఏమవుతాయి? తనే పాడుచేశానని పొద్దుట్నుంచీ బిక్కమొహం వేసుకుని కూర్చుంది. నీ బద్ధకం వల్లేనని చెప్పాను. నువ్వూ అవునను.

అన్నట్టు, ఇలా అవుతుందని నాకు మొదటి నెలలోనే తెలుసు. షెడ్డులో రోజూ నేను చేసే రిపేర్లే కదా. అయినా ఆపమనలేదు. ఆ చప్పుడు వినపడితే గానీ నాకూ మంచం దిగబుద్ధి కావడం లేదు.