ముగ్గురం కాకూడదని

జులై 15, 2014. విజయనగరం.

అమ్మాయిని కాన్పుకు బొబ్బిలి నుంచి తీసుకొచ్చి ఇక్కడి ఆసుపత్రిలో చేర్చాం. చేర్చాం అని రాశాను గానీ, చేర్చింది అల్లుడే. అతను నడుపుకొచ్చిన కారులో ఒక కాలు పెట్టాక గమనించాను, ముగ్గురం. కాలు వెనక్కి తీసుకుని, బస్సులో వస్తానన్నాను.

అల్లుడు నవ్వాడు. "కడుపులోదాన్ని కలిపితే నలుగురం మావా, ఎక్కండి. ఫిజిక్స్ మేస్టారికి లెక్కలు నేను సెప్పాలేటి?"

ఇంకా పుట్టని బిడ్డను లెక్కలో వేయడానికి ధైర్యం చాలలేదు.

రెండేళ్ల కిందట అమ్మాయి వాళ్లమ్మ ఆయాసపడుతూనే గుమ్మంలో ఆగిపోయింది. "ముగ్గురం ఎల్లకూడదు. పక్కింటి వదినని కూడా పిలవండి" అంది. చదువుకున్నదానివేనా అని కసిరి, ఆమెనూ అమ్మాయినీ ఆటో ఎక్కించాను. ఆసుపత్రి చేరకముందే పోయింది. నేను ఆమెతో అన్న ఆఖరి మాట ఆ కసురే. ఇలాంటివి నమ్మనని ఇప్పటికీ అంటాను. ఇవాళ చేసింది మాత్రం ఇదీ.

నేను బస్సు దిగి వెళ్లేసరికి అమ్మాయి మంచం మీద ఉంది. రేపు ఉదయం ఆపరేషన్ అన్నారట.

"అమ్మ మాటకేనా బస్సులో వచ్చేవు?" అంది.

తలూపాను.

"ఆ రోజు పక్కింటత్త కూడా ఎక్కుంటే అమ్మ పడుకోడానికి సోటేది నాన్నా? నీ ఒళ్లో తల ఎట్టుకునే ఎల్లింది."



రేపు థియేటరు తలుపు దాకా తన వెంట నడవాల్సింది అల్లుడూ నేనూ. నడుస్తాను. లెక్కపెట్టకుండా నడవగలనో లేదో...