బొటనవేలంత అక్షరాలు

మార్చి 3, సోమవారం

తమ్ముడి కోసం కంప్యూటర్ కొన్నాను. సెకండ్ హ్యాండ్. పన్నెండేళ్ళ పాతది, టూ జీబీ ర్యామ్. షాపాయన కొత్త విండోస్ వేసి ఇచ్చాడు. ఆన్ చేసి వెళ్ళి పప్పు కడిగి, కుక్కర్ పెట్టి వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉంది. ఈ ముసలిదాని నెత్తిన అంత బరువు పెట్టకూడదు. ఇంకేదైనా వెతకాలి.

వాడు ప్రెస్సులో ప్రూఫ్ రీడర్. చూపు తగ్గుతోంది. అచ్చు కంటికి ఆనక జనవరి నుంచి సెలవులో ఉన్నాడు. స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవి చేసుకుని చదవగలిగితే ఇంటికే పని పంపుతానని ఓనర్ అన్నాడు. నెలాఖరు దాకా చూస్తాడట. తర్వాత వేరేవాణ్ణి పెట్టుకుంటాడట.

మార్చి 6

మా మందుల షాపులో బిల్లింగ్ అమ్మాయి విండోస్ బదులు లినక్స్ వేయమంది, అందులోనే చాలా రకాలున్నాయట. పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూడొచ్చట, నచ్చితేనే ఇన్‌స్టాల్. చెప్పులు తొడుక్కుని రెండడుగులు వేసి చూసుకున్నట్టే.

మొదటి రకం బాగానే ఉంది. స్క్రీన్ మీద ఉన్నదంతా పైకి చదివే గొంతు కూడా ఉంది దాంట్లో. కానీ నెమ్మది. ఆ గొంతేమో జలుబు చేసినట్టు ముక్కుతో మాట్లాడుతుంది. పక్కన పెట్టేశాను. వీడికి కళ్ళున్నాయి కదా.

మార్చి 9, ఉదయం 7

రెండోది సగంలో ఆగిపోయింది. మూడోది దూదిలా తేలిక. గొంతూ గింతూ ఏమీ లేదు. నల్లటి స్క్రీన్, తెల్లటి అక్షరాలు, ఒక్కోటి బొటనవేలంత. ఇదే వేసేశాను.

వాణ్ణి కూర్చోబెట్టి ఎలా ఉందని అడిగాను. బ్రహ్మాండం అన్నాడు. ఎన్నాళ్ళకో కడుపు నిండా తిన్నాను.

మార్చి 14

చిన్నప్పటి నుంచీ నా డైరీ ఎక్కడ దాచినా వెతికి చదివేవాడు. చదివి ఊరుకుంటాడా, తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దేవాడు. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా ఆ రోగం పోలేదనుకున్నాను. ఇవాళ వెనక్కి తిరగేస్తే జనవరి పన్నెండు తర్వాత ఒక్క ఎర్ర గీత కూడా లేదు. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది.

మార్చి 18

ఓనర్ పంపిన పది పేజీలు ఇంకా మొదలుపెట్టలేదు. బద్ధకం అని తిట్టాను.

మార్చి 20

ఫాంట్ మళ్ళీ మార్చాను. నిన్నటికన్నా ఇదే నయం అన్నాడు. నిన్న కూడా అదే మాట అన్నాడు.

మార్చి 23, ఆదివారం, మధ్యాహ్నం 2

వంటింట్లోకి వచ్చి కూర్చున్నాను. రాసేస్తాను.

వాడు కంప్యూటర్ ముందున్నాడు. నేను నేర్పినట్టే ముందుకు వంగి కూర్చున్నాడు. అక్షరాలు ఆనుతున్నాయా అని గుమ్మంలోంచే అడిగాను. ఇవాళ చాలా క్లియర్‌గా ఉన్నాయక్కా, ఇంక మార్చకు అన్నాడు.

మానిటర్ ప్లగ్ పొద్దున ఇస్త్రీకని నేనే పీకాను. మళ్ళీ పెట్టలేదు.

సాయంత్రం 6

పక్కన కూర్చుని చెప్పాను, మానిటర్ ఆగిపోయి ఉందని. కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. జనవరి నుంచే ఏమీ కనిపించడం లేదట. అప్పుడు డాక్టరు దగ్గరికి ఆటోలో ఒక్కడే వెళ్ళొచ్చి మార్పేమీ లేదన్నది అబద్ధమట. పుట్టి పెరిగిన ఇల్లు కాబట్టి గోడకు తగలకుండా తిరిగాడు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను, నాకు తెలియలేదు.

ఎందుకు దాచావని అడిగాను. నువ్వంత ఆశగా అక్షరాలు పెంచుతుంటే చెప్పడానికి నోరు రాలేదన్నాడు.

నా కళ్ళు మాత్రం ఎందుకు, కాల్చనా.

మార్చి 24

సెలవు పెట్టాను. మూడోది తీసేసి మొదటిది వేశాను. ఆన్ అవడానికి నాలుగు నిమిషాలు. గొంతు ముక్కుతోనే మాట్లాడుతోంది. వాడు తల వంచి వింటున్నాడు. ఏడో పేజీలో ఒక మాట రెండుసార్లు పడిందన్నాడు. పడింది. మొన్న నేను చదివినప్పుడు చూడనేలేదు.

మార్చి 31

ఓనర్ ఫోన్ చేశాడు. పదకొండు తప్పుల్లో వీడు పట్టినవి నాలుగు. మిగతావి ఆ గొంతు మింగేసింది. ఆయన మంచిగానే మాట్లాడాడు, వేరేవాణ్ణి పెట్టుకున్నాడట. నేనే చెబుతానన్నాను. అక్కర్లేకపోయింది, నా ఊపిరి వినే కనిపెట్టేశాడు.

ఏప్రిల్ 2

డైరీ దాచడం మానేశాను. బల్ల మీద తెరిచే ఉంచుతున్నాను, పక్కన ఎర్ర పెన్ను.