భద్రయ్యకి పెట్టిన పేరు

సెంబవాంగ్ ఓడల యార్డు, 14-8-2000

అక్కా, వందనాలు. నేను కులాసాగానే ఉన్నాను. మన వెనకింటి భద్రయ్య పోయిన సోమవారం ఓడ ట్యాంకులో వెల్డింగు చేస్తూ పొగకి ఊపిరాడక పోయాడు. కబురు అందే ఉంటుంది. కాగితాలు తేలాక శవం వస్తుంది. కాల్చనివ్వకు. పోయిన నెల ఇక్కడి సముద్రంలో నేనే బాప్తిస్మమిచ్చి పౌలని పేరు పెట్టాను. ఇంటికొచ్చి తనే చెప్పుకుంటానన్నాడు, పెళ్లాం అప్పలమ్మకి తెలీదు. పెట్టె మీద భద్రయ్య అనే ఉంటుంది. పాతిపెట్టమని నువ్వెళ్లి బతిమాలు, తిడితే పడు. బావకి దగ్గు తగ్గిందా? పిల్లలకి దీవెనలు.

అపొస్తలుడు పౌలు ఎక్కిన ఓడ తుఫానులో ముక్కలైనా అందరూ ఒడ్డుకి చేరారని ఆదివారం కూటంలో చదివి వినిపిస్తే, ఆ పేరే కావాలన్నాడు. మా ఓడ ఒడ్డునే ఉందక్కా.

నీ తమ్ముడు,
దైవసహాయం