దరఖాస్తు చివరి మాట

తాతా,

మన కోదాడ చర్చి సమాధుల స్థలం ఇంకా ఇంగ్లండులోని మిషన్ పేరునే ఉందని, దాన్ని మన సంఘానికి రాసివ్వమని నువ్వు ఏటేటా వాళ్ళకు దరఖాస్తు పెట్టేవాడివి. నువ్వు పోయాక ఈసారి నేను రాశాను. చివర నువ్వు తప్పకుండా రాసే ‘మీ విధేయ సేవకుడు’ అన్న మాట మాత్రం నాకు రాయబుద్ధి కాలేదు. పేరు రాసి ఊరుకున్నాను.

"గా ముక్క తీసేసినవా బిడ్డా? తెల్లదొరలకు కోపమొచ్చి అమ్ముకుంటే మీ తాత పండుకున్న జాగ గూడ పోతది" అంది నానమ్మ. అప్పటినుంచీ పోస్ట్‌మాన్ కనిపిస్తే నానమ్మ కంటే ముందే ఎదురెళ్ళేదాన్ని.

ఇవాళ జవాబు వచ్చింది. స్థలం మనకే రాసిచ్చారు.

"ఇగ ఆయన్ని ఎవ్వరు లేపరు" అని నానమ్మ కవరు కళ్ళకద్దుకుంది.

వాళ్ళ ఉత్తరం కిందా ఒట్టి పేరే ఉంది, తాతా.

గ్రేస్