దండెం మీద రెండు గుడ్డలు

అత్తమ్మా,

ఈ చీటీ పక్కింటి తిరుమలతో చదివించుకో. నువ్వు మార్కెట్ నుంచి వచ్చేసరికి మేము బాబును తీసుకొని దవాఖానలో ఉంటాం. "ఇరవై ఒక్క రోజు కానిదే పిల్లగాన్ని గడప దాటియ్యద్దు" అన్నావని తొమ్మిది రోజులు ఆగినం. ఇంక ఆగలేను.

కడుపులో ఉన్నప్పుడే వాడి కిడ్నీలు ఉబ్బినట్టు కనబడ్డది. పుట్టిన తెల్లారి తీసిన స్కానింగ్ మంచిగుందని నీకు చెప్పిన. మొదటి రెండు రోజుల్లో వాపు సరిగ్గా కనబడదు, వారానికి మళ్ళీ తీయాలని డాక్టరమ్మ అన్న మాట మాత్రం దాచిన. నీ సంతోషం చూసి నోరు రాలేదు. తప్పు నీ అల్లునిది, నీ బిడ్డను తిట్టకు.

నిన్న బాబు తడిపిన గుడ్డలు దండెం మీద పన్నెండు ఆరేసినవ్. ఇవాళ మధ్యాహ్నానికి రెండే.

చెప్పులు వేసుకుంటుంటే ఇప్పుడే చూసిన. తలుపు పక్కన బాబు పొడి గుడ్డలు మూట కట్టి పెట్టిపోయింది నువ్వే గదా, అత్తమ్మా?