వెనక్కి తిరిగి తీసిన ఫోటో

బోథ్,
13-6-1988.

ఫోటోగ్రాఫర్ అంబదాస్ గారికి సరళాదేవి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కుశలం. మీ చేతి కట్టు ఇంకా విప్పలేదని తెలిసి బాధపడ్డాం.

మా అమ్మాయి పెండ్లికి మిమ్మల్ని పిలిచింది అందరినీ వరుసగా నిలబెట్టి ఫోటోలు తీస్తారని. మీరేమో పేపరుకు తీసినట్టు, ఎవరినీ ఆగమనకుండా జనంలో తిరుగుతూ తీశారు. పెండ్లికి అచ్చిండా, యాక్సిడెంటుకు అచ్చిండా అని మా అబ్బాయి ఉపేందర్ అప్పుడే చిరాకుపడ్డాడు. తలంబ్రాల వేళ అందరూ పెండ్లి పీటల వైపు చూస్తుంటే మీరు వెనక్కి తిరిగి మమ్మల్ని తీశారు. ఇదెక్కడి పద్ధతో మాకు అర్థం కాలేదు.

ఆ ఫోటోలో ఉపేందర్ మా కోడలు నర్మద చేయి వెనక్కి విరిచినట్టు ఉంది. ఆమె జారిపడబోతే పట్టుకున్నాడు, అంతే. ఎముక విరిగింది జారినందుకే. మీరు ఆ ఫోటోను నస్పూర్‌లో ఉన్న ఆమె అన్న సుదర్శన్‌రావుకు పంపి మా ఇంట్లో నిప్పు పెట్టారు. అతను వచ్చి, నా చెల్లె చెయ్యి ఇరిసి ఫోటోల నవ్వుతున్నవా అంటూ చుట్టాల ముందే ఉపేందర్‌ను చెప్పుతో కొట్టాడు. పెదవి చిట్లి అరుగంతా రక్తమైంది. ఉపేందర్ ఫోటోను ముక్కలు చేశాడు. సుదర్శన్‌రావు నర్మదను తీసుకుపోయాడు. ఆ కోపంలోనే మావాడు మీ స్టూడియోకు వచ్చి కెమెరా పగలగొట్టి, దాని స్టాండుతోనే మీ వేళ్ళు నలగగొట్టాడు. వయసు వేడి, మన్నించండి.

ఆదివారం పెద్దమనుషులు కూర్చొని నర్మదను మా ఇంటికి పంపించబోతున్నారు. మళ్ళీ ఆ ఫోటో రచ్చ వద్దు. నెగటివ్ మాకిచ్చి, పోలీసు కేసు వాపసు తీసుకోండి. కొత్త కెమెరా సంగతి మావారు చూసుకుంటారు.

ఇట్లు,
సరళాదేవి

తా.క. పైదంతా మావారు చెబితే రాసింది. చదువుకొని, కవరు అంటించమని నాకిచ్చి స్నానానికి వెళ్ళారు. ఇక్కడి నుంచి నా మాట.

నర్మద జారలేదు. తలంబ్రాల పళ్ళెం ఆలస్యంగా తెచ్చిందని వాడే విరిచాడు. అంత బాజాల మోతలోనూ ఎముక చప్పుడు విన్నాను. మీ ఫోటోలు ముందుగా నా చేతికే వచ్చాయి. పేరు రాయకుండా సుదర్శన్‌కు ఆ ఫోటో పోస్టు చేసింది నేనే. ఉపేందర్ మీ మీద పడతాడనుకోలేదు. మీ వేళ్ళు గుర్తొస్తే అన్నం సహించడం లేదు.

నెగటివ్ ఇవ్వకండి. ఆ పిల్ల మళ్ళీ ఈ గడప తొక్కితే బతకదు. ఫోటోను ఎంత పెద్దగా కడగగలిగితే అంత పెద్దగా కడిగి ఆదివారం పెద్దమనుషుల ముందుకు పట్టుకురండి. నేనూ వస్తాను.

అందులో నర్మద పక్కన, వాడి చేతినే చూస్తూ పెండ్లివాళ్ళ మీద అక్షింతలు వేస్తున్న ఆడమనిషి ఉంటుంది. అది నేను. నన్ను కత్తిరించకండి.